అమ్మ ఇంటికి అడవి వెదురు

"అమ్మ క్షేమం. ఇల్లు లేదు." టెలిగ్రాంలో ఉన్నది అంతే. ఉప్పెన వచ్చిన అయిదో రోజున, ములకలపల్లి దగ్గర మా అత్తవారి ఊరికి ఆ కాగితం చేరింది. అన్నాళ్ళూ రేడియోకి చెవి ఆనించి కూర్చున్నదాన్ని, మొదటి ముక్క చదివి ఏడ్చాను, రెండోది చదివి నవ్వేశాను. ఇల్లు పోతే పోయింది, అమ్మ ఉంది. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు. పైకే అన్నాను కాబోలు, మా వారు "అయితే కడదాం పద" అన్నారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. కోస్తాలో సముద్రం పక్క ఊరి నుంచి పెళ్ళి చేసుకుని ఈ అడవి అంచుకు వచ్చి రెండేళ్ళయింది. నాన్న లేరు. అమ్మ ఒక్కతే అక్కడ ఉండేది. తాటాకు ఇళ్ళు కట్టేవాళ్ళు ఆ పక్క లేకపోలేదు కానీ, ఇప్పుడు అందరి ఇళ్ళూ పోయినప్పుడు ఎవరింటికని వస్తారు?

మా పొలానికి ఆనుకుని ఉన్న గూడెంలో ఒక పెద్దాయన ఉండేవాడు. మా పశువుల కొట్టం ఆయన కట్టిందే. ఎన్ని గాలివానలొచ్చినా దాని మీది గడ్డి కదల్లేదు. నేను గబగబా పోయి సంగతి చెప్పాను. ఆయన అయ్యో అనలేదు, పాపం అనలేదు.

"ఎంత పొడుగు, ఎంత ఎడల్పు?" అన్నాడు.

"నువ్వొస్తావా తాతా?"

"రాకుంటే ఎందుకడుగుత బిడ్డా. పచ్చి వెదురు కావాలె. మోదుగ నార మేం తెస్తం."

మా వారు ఫారెస్టు డిపోలో వెదురు కొని పర్మిట్ రాయించుకొచ్చారు. మూడో రోజు తెల్లవారుతూనే లారీ కదిలింది. మా వారు, పెద్దాయన, గూడెం నుంచి మరో నలుగురు వెదురు మోపుల మీద కూర్చున్నారు. డ్రైవరు పక్కన కూర్చున్న నాకు పండక్కి పోతున్నట్టే ఉంది. అంత నష్టం జరిగిన చోటికి అంత ఉత్సాహంగా పోవడం తప్పేమో అనిపించింది కూడా. అయినా ఆగలేదు మనసు.

ఊరు దగ్గర పడింది. తాడిచెట్లన్నీ ఒకే వైపుకు పడి ఉన్నాయి. మా వీధి ఎక్కడుందో నాకే తెలియలేదు. మా ఇంటి గడపరాయి ఒక్కటి మిగిలింది కాబట్టి స్థలం గుర్తు పట్టాను.

ఇళ్ళు పోయిన అందరితో పాటు అమ్మ బడి వరండాలో ఉంది. నా ముఖమంతా తడిమి చూసింది కానీ ఒక్క మాటా అనలేదు. చెట్టు పట్టుకుని బతికిన ఆ రోజు నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదట. "అమ్మా, ఇల్లు కట్టడానికి వచ్చాం" అంటే అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గడపరాయి మీద కూర్చోబెట్టాను. పెద్దాయన అడుగులతో కొలుస్తూ మేకులు దిగగొడుతున్నాడు. వంటిల్లు తూర్పు మూలన పెడుతూ ఒక మేకు పాతాడు. అంతే, అమ్మ లేచింది.

"అటు కాదన్నా! అటు పొయ్యి పెడితే సముద్రపు గాలికి నిప్పు నిలుస్తుందా?"

గునపాలు ఆగిపోయాయి. పెద్దాయన మాత్రం ఏమీ జరగనట్టే మేకు పీకి అమ్మ చేతికిచ్చాడు.

"మరి యాడ పెట్టాలె చెల్లె? నువ్వే చూపియ్."

అక్కణ్ణుంచి ఇక అమ్మదే పెత్తనం. పడిపోయిన తాడిచెట్లను చీల్చి గుంజలు చేశారు. వెదురు చీల్చి తడికలు అల్లారు. నారను నీళ్ళలో నానబెట్టి కట్టారు, ఎండినకొద్దీ ముడి బిగుస్తుందని. అన్నీ అమ్మ దగ్గరుండి చూసింది. చూరు దగ్గర మాత్రం పెద్ద పోట్లాటే జరిగింది. పెద్దాయన చూరు బాగా కిందికి దించుతానన్నాడు.

"నా ఇంట్లోకి నేను వంగి వెళ్ళాలా?" అంది అమ్మ.

"గాలి వంగదు చెల్లె. నువ్వే వంగాలె."

అమ్మ కాసేపు సముద్రం వైపు చూసింది. "సరే, దించు" అంది.

కప్పు చట్రమంతా నేల మీదే కట్టారు, నాలుగు వైపులా వాలుగా, పెద్ద గంపను బోర్లించినట్టు. దాన్ని గుంజల మీదికి ఎక్కించాలి. మేమెంతమందిమని? మా వారు పోయి చెప్పగానే బడిలో ఉన్నవాళ్ళంతా వచ్చేశారు. వలలు పోయినవాళ్ళు, పడవలు పోయినవాళ్ళు, ఇంట్లో మనుషులే పోయినవాళ్ళు కూడా. నలభైమంది చట్రం చుట్టూ నిలబడ్డాం. ఎవరో "హైలెస్సా" అన్నారు. ఉప్పెన తర్వాత ఆ ఊళ్ళో ఆ కేక వినపడడం అదే మొదలట. గూడెం వాళ్ళు కూడా గొంతు కలిపారు. కప్పు నేల మీంచి లేచింది, నడుముల దాకా, భుజాల దాకా, చేతులు చాచినంత ఎత్తుకు. నా భుజం మండిపోతోంది, నేను మాత్రం అరుస్తూ నవ్వుతున్నాను.

కప్పు కుదురుకోగానే పెద్దాయన దాని మీదికెక్కి ముడులన్నీ బిగించి, "ఊపుండ్రి ఇగ" అన్నాడు. పదిమంది గుంజలు పట్టుకుని ఊపారు. ఇల్లు కదల్లేదు. "అమ్మయ్య!" అంది అమ్మ, అని ఒక్కసారిగా భోరుమంది. అన్నాళ్ళకి వచ్చిన ఏడుపది. ఎవరూ ఆపలేదు.

సాయంత్రానికల్లా అందరూ కలిసి దాని మీద తాటాకు కప్పేశారు. మర్నాడు మేం బయల్దేరాలి. పొద్దున్నే పక్క స్థలం ఆవిడ, తమ్ముళ్ళిద్దరి చేత తాడిదుంగ మోయించుకుని వచ్చింది. "మాకూ ఇలాగే కట్టడం చూపించండి" అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరున్నారు. మిగిలిన వెదురు చాలదు. మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన లారీ డ్రైవర్ని పెద్దాయన పిలిచాడు.

"గూడెంల చెప్పు, ఇంకో పది దినాలు రామని. వెదురు ఇంకో లారీ తే. జల్దీ రా."

పది రోజులు కాదు, మూడు వారాలున్నాం. ఏడిళ్ళు లేచాయి. నాలుగో ఇంటి నుంచీ గూడెం వాళ్ళు కూర్చుని చెబుతుంటే ఊరివాళ్ళే కట్టుకున్నారు. అమ్మ తడి నార చేత పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, ముడి సరిగా వెయ్యనివాళ్ళను కసురుకునేది.

చివరికి ఒకరోజు, "రేపు వెళ్తామమ్మా" అన్నాను.

"రేపా? రేపు మూలింటి కప్పు ఎత్తాలి, నలుగురు తక్కువున్నారు" అంది అమ్మ. "ఎల్లుండి వెళ్దురు గాని."

ఎల్లుండే వెళ్ళాం.