అవసరం లేనిది కొట్టివేయవలెను

సంగం అవతల పెదమిట్టపాలెం బ్లాకాఫీసు వసారాలో కూచుని కామాక్షయ్య పదకొండేళ్లు ఇంగ్లీషు అర్జీలు రాశాడు. అవన్నీ పరిస్తే నెల్లూరు దాకా కాళ్లకు మట్టంటకుండా నడిచిపోవచ్చు. దస్తూరీ ముత్యాలే. బుర్రే, పాపం, ముత్యాలకు తగ్గది కాదు.

అడ్వైసో అడ్వైజో, అఫెక్టో ఎఫెక్టో ఆయనకు ఏనాడూ తేలలేదు. సర్కారు ఫారాల కింద 'అవసరం లేనిది కొట్టివేయవలెను' అని అచ్చేసి ఉంటుంది కదా, దాన్ని చూసి ఉపాయం కనిపెట్టాడు. రెండు మాటలూ పక్కపక్కనే రాసి ఆఫీసరుకే వదిలేసేవాడు. గుమాస్తాలు పొట్టలు పట్టుకుని నవ్వి, ఒకటి కొట్టేసి పైకి పంపేవాళ్లు.

"పెద్దోళ్ల ముందర మనమే తేల్చేస్తే ఏం మర్యాద అబ్బయ్యా?" అనేవాడు.

పంతొమ్మిది వందల అరవై రెండులో ఆ ఆఫీసులోనే గుమాస్తా పని ఖాళీ అయింది. నలభై ఆరేళ్ల మనిషికి ఇది తప్పితే చచ్చేదాకా వసారాయే. పోటీకి ఒక్కడే, సర్దార్‌బీ కొడుకు మదార్. స్కూల్ ఫైనల్ పాసైనవాడు.

కొత్త బీడీవో పరీక్ష పెట్టాడు. ఇరవై జతల ఇంగ్లీషు మాటలు. ప్రతి జతలో తప్పుమాట కొట్టెయ్యాలి. మదార్ పది నిమిషాల్లో లేచాడు. కామాక్షయ్య బిందెడు చెమట కార్చి, ఒక్కటీ కొట్టకుండా, జత జతకూ 'తమ చిత్తం' అని అందంగా రాసిచ్చాడు.

బీడీవో ఆ కాగితాన్ని వసారాలో జనం ముందు చదివాడు. ఆ నవ్వులకు పెన్నేట్లో కొంగలు లేచిపోయాయి. అంతటితో వదల్లేదు. కిందనే మదార్ పేరు, కామాక్షయ్య పేరు పక్కపక్కన రాసి పెన్ను ఆయన చేతికిచ్చాడు.

"కుర్చీ ఒకటే. అక్కర్లేని పేరు మీరే కొట్టండి."

"వద్దు సార్, ఆయన పెద్దాయన," అన్నాడు మదార్.

"ఆ పిల్లోడి పేరు కొట్టన్నా! దొరగోరు మళ్లా అడగరు!" అని అర్జీకొచ్చిన జకరయ్య ఎగిరాడు.

మెట్ల దగ్గర నిలబడ్డ కామాక్షయ్య భార్య రాఘవమ్మ చేతులు జోడించింది. "మన పేరు ఉంచుకోయ్యా. నీకు దణ్ణం పెడతా."

ఆఫీసరు ముందు తన పేరు తానే ఉంచుకోవడమా? కామాక్షయ్య స్కేలు అడిగి తీసుకుని, వంకర పోకుండా తన పేరు కొట్టేశాడు.

"ఇదొక్కటి రైటు," అని బీడీవో ఒక మార్కు వేసి కాగితం ఇచ్చాడు. కామాక్షయ్య రెండు చేతులా అందుకున్నాడు.