జగ్గమ్మ కత్తిపీట కదలదు

ఖిదిర్‌పూర్ బజారులో మనిషి వేళ్ళు తూకానికి అమ్మిన చేపలావిడ మా జగ్గమ్మ ఒక్కతే. సరే, అమ్మిందన్నది నా కల్పన. తెగాయన్నది నిజం. నాలుగని చెప్పుకుంటూ వచ్చాను గానీ, రెండే. అందులో ఒకటి పిల్లి పట్టుకుపోయింది.

జగ్గమ్మది శ్రీకాకుళం వైపు. మొగుడు బైరాగి అక్కడి ఓడల డాక్‌లో మూటలు మోసీ మోసీ పక్షవాతంతో పడిపోయాడు. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది. మిగిలిన ఎడం చేత్తోనే అన్నం తినేవాడు, బీడీ వెలిగించుకునేవాడు. కాస్త కోలుకున్నాక కాళ్ళీడ్చుకుంటూ వీధులు తిరిగేవాడు.

ఫోన్ల దొంగతనాలు పెరిగాయని పక్క వీధివాళ్ళు కాపలా దళం పెట్టుకున్నారు. దానికి పెద్ద రఘురాం. మెడలో ఈల, చేతిలో కర్ర. ఒక మధ్యాహ్నం బైరాగి దారి తప్పి ఆ వీధిలోకి వెళ్ళాడు.

"ఎవడ్రా నువ్వు? పేరు చెప్పు!"

మాట లేనివాడు పేరెలా చెబుతాడు?

"పొగరు చూడు దాదా, పలకడు!" అన్నాడు దళంలో ఒకడు.

రఘురాం కర్ర ఎత్తాడు. బైరాగి తల కాచుకోడానికి ఎడం చెయ్యి అడ్డం పెట్టాడు. అది మోచేతి దగ్గర విరిగింది.

జగ్గమ్మ కేసు పెట్టింది. రఘురాం వీధిలో పంచాయితీ జరిగింది.

"వాడే నా మీదికొచ్చాడు. నా కర్ర కదల్లేదు, వాడే వచ్చి దాని మీద పడ్డాడు. ఇది ఆత్మరక్షణ!" అన్నాడు రఘురాం. వీధంతా చప్పట్లు కొట్టింది.

ఒక చెంప కొడితే రెండోది చూపించమని కాన్వెంటులో సిస్టర్లు నాకు నేర్పారు. బైరాగికి చూపించడానికి రెండో చెయ్యేదీ?

తరవాత ఒక పొద్దున రఘురాం బజారుకొచ్చాడు. జగ్గమ్మ కత్తిపీట మీద కూర్చుని నాకు రుయి చేప కోస్తోంది. ఆ చోటు పోతే మొగుడూ పెళ్ళాలకి గంజి కూడా లేదు.

"కేసు తీసేస్తావా, గంప తీసేస్తావా?"

"మా ఆయన చెయ్యి తెచ్చియ్యి బాబూ, తీసేత్తాను."

అతను వంగి, కత్తి మీదుగా చెయ్యి చాపి, గంప పట్టుకున్నాడు. జగ్గమ్మ అతని మణికట్టు పట్టుకుంది. ఆపడానికే పట్టుకుందని బజారంతా అంటుంది. రుయి తలని కత్తికేసి ఒత్తినట్టే ఒత్తిందని నేనంటాను.

థానా నుంచి పెద్దబాబు, అంటే ఇన్‌స్పెక్టరు, వచ్చాడు. "కత్తి ఎత్తావా?" అని గద్దించాడు.

"ఎత్తేదేటి బాబూ? కత్తిపీట నా కాలి కింద ఉంటాది. అది కదల్దు, చేపే దాని దగ్గరికొస్తాది. ఈ బాబూ అలాగే వచ్చి పడ్డాడు. ఏటంటారు దాన్ని... ఆత్మరచ్చణ."

అప్పుడు పంచాయితీలో చప్పట్లు కొట్టి, ఇప్పుడు బజారులో గుమిగూడినవాళ్ళు నేల చూపులు చూశారు.

చివరికి థానాలో రాజీ కుదిర్చారు. కాగితం ప్రకారం బైరాగి చెయ్యి విరగలేదు, రఘురాం వేళ్ళు తెగలేదు. ఎవరు నోరు విప్పినా జైలే. జగ్గమ్మకి తన చోటు దక్కింది. బైరాగికి ముద్ద ఆవిడే పెడుతోంది. రఘురాం కర్ర ఎడం చేత్తో పట్టుకు తిరుగుతున్నాడు.

ఇదంతా రాసి మొన్న ఆవిడకి చదివి వినిపించాను. నా చేప తల రెండుగా చీలుస్తూ వింది.

"ఏటి దాదూ, ఈ తాత వయసులో ఈ కతలు? రఘురాం బాబుకి పది వేళ్ళూ ఉన్నాయి. మా ఆయన మెట్ల మీంచి పడ్డాడు."

"మరి ఈ కత్తిపీట?"

"ఏ కత్తిపీట? నాకు కత్తిపీటే నేదు."