ఓబులేసు సర్టిఫికెట్ల డబ్బా

ఓబులేసుకు ఒకటే పిచ్చి. కనబడిన ప్రతివాడినీ సర్టిఫికెట్టు అడుగుతాడు.

నందికొట్కూరు బస్సు కండక్టరును, తాను దారి పొడవునా బీడీ కాల్చకుండా కూర్చున్నట్టు రాసిమ్మన్నాడు. మంగలిని, తల కదపకుండా క్షవరం చేయించుకున్నట్టు రాసిమ్మన్నాడు. అత్తగారింట్లో మూడు రోజులుండి వస్తూ, పెట్టింది పెట్టినట్టు తిన్నాడని ఆమెచేత కూడా వేలిముద్ర వేయించుకొచ్చాడు. వీటన్నిటినీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేవాడు. ఇంతా చేసి అతనికి ఒక్క అక్షరం చదవడం రాదు.

ఈ పిచ్చిని ఆరేళ్ళుగా భరిస్తున్నది హెడ్ నర్సు ఏసుమణి. కర్నూలుకు పది మైళ్ళ దూరంలో, బండలు తప్ప ఏమీ మొలవని మిట్ట మీద ఆమె పనిచేసే క్షయ ఆసుపత్రి. నలభై మంచాలు, ఇద్దరు నర్సులు, వారానికి రెండుసార్లు వచ్చిపోయే డాక్టరు. రాజధాని కర్నూల్లో ఉన్న మూడేళ్ళూ ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి, చుట్టూ చూసి, "అయ్యో" అని వెళ్ళేవాడు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఆ అయ్యో కూడా లేదు. ఏసుమణికి పొద్దున లేచేసరికే సాయంత్రమైనట్టు కాళ్ళు నొచ్చేవి. రాజీనామా కాగితం రాసి, మడిచి, యూనిఫారం జేబులో పెట్టుకుని నెల దాటింది. ఎవరికివ్వాలో తెలియక ఆగింది.

ఓబులేసు అక్కడికి నీళ్ళు మోసే పనికి వచ్చాడు. మైలవరం దగ్గర మగ్గాల ఇంట పుట్టినవాడు. మగ్గం నిలిచిపోయాక కావడి ఎత్తుకున్నాడు. క్షయ రోగికి నెలల తరబడి పడుకోవడమే వైద్యం. పైకప్పు దూలాలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా అవి పద్నాలుగే. ఇది చూడలేక ఓబులేసు ఒకరోజు మేకు తెచ్చి మంచాల మధ్య నేలబండ మీద పులిజూదం గీశాడు. డాక్టరు చూసి మండిపడ్డాడు.

"ప్రభుత్వం వారి బండ మీద గీతలేమిటయ్యా!"

"వంకర లేకుండా గీసినా గదా సారూ. ఆ మాటే ఒక కాయితం మీద రాసియ్యండి."

డాక్టరుకు నవ్వొచ్చింది, రాసిచ్చాడు. అదే తప్పయింది. నెల తిరిగేసరికి వార్డులో ఎనిమిది పులిజూదాలు వెలిశాయి. ఆడవాళ్ళ వార్డుకు ఒక రాట్నం వచ్చింది. మంచంలో కూర్చోగలిగినవాళ్ళు కండెలకు నూలు చుట్టేవాళ్ళు. ఆట మరిగిన రోగి అన్నం అడుగుతాడని, అన్నం అడిగినవాడి తూకం పెరుగుతుందని ఏసుమణి తూకాల చార్టులో గమనించింది. గమనించి ఊరుకుంది. ఎవరితోనైనా చెప్పాలన్నా ఓపిక కావాలి కదా.

"సిస్టరమ్మా, నాకొక సర్టిఫికెట్టు రాసియ్యల్ల," అని రోజూ ఆమె వెంటపడేవాడు.

"ఏమని రాయల్ల?"

"అది నేను చెప్తాగదా, నువ్వు రాసుకుంటా పో."

"నాకు ఓపిక లేదప్పా. రేపు చూద్దాం."

ఆ రేపు ఆరేళ్ళయినా రాలేదు.

ఆమెకు నిజంగా కోపం వచ్చింది మాత్రం లింగన్న విషయంలో. లింగన్న అహోబిలం దగ్గరి మోతుబరి రైతు. వచ్చిన రోజే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాలు తాగడు, పలకరిస్తే పలకడు. రెండో రోజు ఓబులేసు అతని మంచం దగ్గర చతికిలబడి, పెన్సిలూ కాగితమూ ముందుకు తోశాడు.

"అప్పా, నాకొక సర్టిఫికెట్టు రాసియ్యి."

లింగన్న వచ్చాక మొదటిసారి నోరు తెరిచాడు. "నేను సస్తాంటే నీకు సర్టిఫికెట్టు కావల్లనా!"

"సావు యాడికి పోతాది, ఈడనే ఉంటాది. నువ్వు ముందు రాయి."

ఏసుమణి పరుగున వచ్చి ఓబులేసును బయటికి తరిమింది. "సిగ్గుండాదా నీకు? మనిషి ఊపిరి తీసుకునేకి కష్టపడతాంటే నీ గొప్ప రాయమంటావా?" ఓబులేసు తల గోక్కుంటూ నవ్వాడు. ఆమె అటు తిరగ్గానే మళ్ళీ లోపలికి దూరాడు. సాయంత్రానికి లింగన్న ఏదో రాస్తూ కనిపించాడు. మర్నాడు పాలు తాగాడు. పాలకూ కాగితానికీ సంబంధం ఏమిటో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. ఇంకో సంగతి కూడా ఆమె పట్టించుకోలేదు. నయమై ఇంటికి పోయే ప్రతి రోగీ చివరి రోజున ఆమె మేజా దగ్గరికొచ్చి, సిరా కలం ఒక్క నిమిషం ఇమ్మని అడిగేవాడు.

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. దీర్ఘరోగులకు ఆటపాటలు చూసుకునేందుకు ఆసుపత్రికొక వినోద సహాయకుడి పోస్టు ఇస్తారట. అయితే తగిన ధ్రువపత్రం ఉన్నవాడికే ఇస్తారు. లేకపోతే బయటినుంచి మనిషిని పంపుతారు, అప్పుడు ఓబులేసు నీళ్ళకే పరిమితం కావాలి, రోగుల మంచాల దరికి రాకూడదు.

"ధ్రువపత్రమంటే?" అన్నాడు ఓబులేసు.

"సర్టిఫికెట్టు," అంది ఏసుమణి.

ఓబులేసు మొహం పెళ్ళిపందిరిలా వెలిగింది. "ఒకటి చాలంటనా? నా కాడ డబ్బా నిండా ఉండాయే!"

తనిఖీకి వచ్చిన ఆఫీసరు బస్సు కుదుపులకు నడుము పట్టి, ధూళికి గొంతు పట్టి, విసుగ్గా కూర్చున్నాడు. ఏసుమణి జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఈయన లేచే ముందు రాజీనామా ఇచ్చేయాలని నిర్ణయించుకుంది. ఓబులేసు డబ్బా తెచ్చి మేజా మీద బోర్లించాడు.

ఆఫీసరు అత్తగారి వేలిముద్రను పక్కన పెట్టి, రోగుల కాగితాలు తిప్పాడు. తిప్పేకొద్దీ కనుబొమలు ముడిపడ్డాయి.

"అన్నిట్లో ఒకటే మాట. 'ఓబులేసు నాతో పులిజూదం ఆడి ఓడినాడు. నాకు నయమై, నడుచుకుంటా ఇంటికి పోతాండాను.' పైగా ఈ రాతంతా పెన్సిలుతో, వణుకుతూ ఉంది. తేదీ మాత్రం సిరాతో, గట్టి చేత్తో వేశారు. ఇవి దొంగ కాగితాలు!"

"దొంగవి కాదు సామీ!" వరండాలోంచి లింగన్న లోపలికి వచ్చాడు. ఆరోజే ఇంటికి పోతున్నాడు, బండి కూడా వచ్చింది. "వచ్చిన రెండో దినం నాతో రాయించినాడు. అబద్ధం ఎట్ల రాసేదిరా అంటే, తేదీ వెయ్యొద్దు, పోయేనాడు వేద్దువు, అప్పుడు నిజమైతాది అన్నాడు. ఆ తేదీ వెయ్యల్లని ఏడు నెలలు పాలు తాగినా సామీ. ఇదో, ఇప్పుడు వేస్తా, ఆ కలం ఇయ్యండి."

మేజా మీది కలం అందించింది ఏసుమణే. ఇన్నేళ్ళుగా ఎన్ని తేదీలకు ఆ కలం ఇచ్చిందో ఆమెకే తెలియదు.

డబ్బా అడుగున గుడ్డలో చుట్టిన కాగితాలు కొన్ని వేరుగా ఉన్నాయి. వాటి మీద తేదీలు లేవు. అవి ఎవరివో ఎవరూ అడగలేదు. ఓబులేసే నెమ్మదిగా వాటిని మళ్ళీ చుట్టాడు. "ఇవి చెల్లవని నాకు తెలుసు సామీ. పారేసేకి మనసు రాలే."

ఒక కాగితం మాత్రం బయట మిగిలింది. ఆఫీసరు చదివాడు. "'నర్సు ఏసుమణి అను నేను ఓబులేసును పులిజూదంలో ఓడించి, కాళ్ళనొప్పులు తగ్గి, నవ్వుకుంటా ఇంటికి పోతాండాను.' ఇదేమిటి? సంతకం కూడా లేదు."

"నేనే రాసిచ్చినా," అన్నాడు లింగన్న. "వీడు చెప్పినాడు."

ఓబులేసు నేల చూస్తూ అన్నాడు. "ఆరేండ్లుగా అడుగుతాండా, సిస్టరమ్మ రాయలే. ఈయమ్మ కూడా ఈడ పడి ఉండే మనిషే గదా. అందుకే రాయించి పెట్టినా."

ఏసుమణి తనకు ఏడుపు వస్తుందనుకుంది. నవ్వు వచ్చింది. ఆరేళ్ళుగా తనను కూడా రోగుల లెక్కలో వేసుకుని తిరిగాడన్నమాట!

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "ఇవేవీ నిబంధనలకు చాలవు. కానీ ఒక దారి ఉంది. ఇక్కడి హెడ్ నర్సు ఇతని పనిని ధ్రువీకరించి, ఇంకో ఏడాది తన పర్యవేక్షణలో ఉంచుకుంటానని రాసిస్తే చాలు. అయితే ఆ ఏడాదీ ఆమె ఇక్కడే పనిచేయాలి."

ఏసుమణి చుట్టూ చూసింది. తెల్లకాగితం కనబడలేదు. జేబులోంచి మడత తీసింది, వెనక్కి తిప్పింది, నిలబడే నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టింది.

ఆఫీసరు చదివాడు. కాగితం తిప్పి రెండో వైపు కూడా చదివాడు.

"ఏ వైపు ఫైలు చేయమంటారమ్మా?"

"ఓబులేసు పేరుండే వైపు," అంది ఏసుమణి.

ఆఫీసరు నడుము పట్టుకుని మెల్లగా లేచాడు. మళ్ళీ ఆ బస్సు, ఆ ధూళి తలుచుకుని నిట్టూర్చాడు. ఓబులేసు ఆయన ముఖంలోకి పరీక్షగా చూసి, పెన్సిలూ కాగితమూ ముందుకు తోశాడు.

"సామీ, శానా అలిసిపోయినట్టుండారు. నాకొక సర్టిఫికెట్టు రాసియ్యండి. తేదీ మాత్రం వెయ్యొద్దు."