అక్షరాలు మాత్రమే పంపండి

నాకు బొమ్మల మీద కోపం. గోడ మీద బొమ్మలు కాదు, మెయిల్లో వచ్చేవి. కాలేజీ ఆఫీసువాళ్ళు సెలవు కాగితం టైపు చేసి, దాని మీద ముద్ర గుద్ది, ఫోనుతో ఫొటో తీసి మెయిల్‌కి తగిలిస్తారు. నా కంప్యూటర్లో స్క్రీన్ రీడర్ ఉంది. తెర మీద ఉన్న అక్షరాలన్నీ పైకి చదివి వినిపిస్తుంది. ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం "గ్రాఫిక్" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటుంది. సెలవని తెలియక రెండుసార్లు తాళం వేసిన కాలేజీకి వెళ్ళి, వాచ్‌మన్‌తో కబుర్లాడి తిరిగొచ్చాను.

నర్సీపట్నంలో ఇంటర్ పిల్లలకి చరిత్ర చెబుతాను. ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద గది, నా వంట నాది, నా బట్టలు నావి. ఎవరైనా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించబోతే విసురుగా లాక్కునే అలవాటు యాభై దాటినా పోలేదు. దాన్ని నేను ఆత్మగౌరవం అనుకునేవాణ్ణి. మా అక్క మాత్రం, అప్ప అంటాను నేను, పొగరు అనేది.

నేను వాడే స్క్రీన్ రీడర్ ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూసి బాగుచేయవచ్చు. దాన్ని రాసేవాళ్ళలో చాలామంది నాలాంటివాళ్ళే. నేనూ దాని మాటలు కొన్ని తెలుగులోకి మార్చి ఇచ్చాను. మాకందరికీ ఒక మెయిలింగ్ లిస్టు ఉంది. దానికి ఒక మెయిల్ రాస్తే అందరికీ చేరుతుంది. అక్కడ కూడా చూపున్నవాళ్ళు కొందరు ఏదో ఇబ్బంది వచ్చిందంటూ తెర ఫొటో తీసి పంపేవారు. గుడ్డివాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉందని గుడ్డివాళ్ళకి ఫొటో పంపడం! నాకు ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఒక ఫిల్టర్ తయారు చేశాను. పరిచయం లేని చిరునామా నుంచి, ఒక్క అక్షరమైనా లేకుండా ఉత్త ఫొటోలతో మెయిల్ వచ్చిందనుకోండి. నా మెయిల్ ప్రోగ్రాం నన్ను అడక్కుండానే దానికి జవాబు పంపేసి, దాన్ని "బొమ్మలు" అనే ఫోల్డర్లో పడేసేది. జవాబు ఇంగ్లీషులో ఉండేది. నేను అంధుణ్ణి, మీరు పంపినది చదవలేను, దయచేసి అక్షరాలు మాత్రమే పంపండి అని మూడు వాక్యాలు, కింద నా పేరు. లిస్టులో దాని గురించి రాస్తే అందరూ మెచ్చుకున్నారు. పదిమంది దాకా అడిగి తీసుకున్నారు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. ఆ ఫోల్డర్ని మాత్రం ఎప్పుడూ తెరవలేదు. అందులో ఏముంటుంది నాకు?

మా అప్ప నాకన్నా ఏడేళ్ళు పెద్దది. ఈ యంత్రాలేవీ లేనప్పుడు నాకు పుస్తకాలన్నీ చదివింది తనే. పుస్తకాన్ని మోకాలి కింద అదిమిపెట్టి, చేతులతో జీడిపిక్కలు ఒలుస్తూ చదివేది. తనకి విసుగనిపించినవి ఎగ్గొట్టేది. యుద్ధాలు చదివేది గానీ సంధి షరతులు చదివేది కాదు. పరీక్షలో అవే వచ్చేవి. నేనొచ్చి పోట్లాడితే, "కొట్టుకున్నారు, మానేసేరు. ఇంకేటి కావాలి నీకు?" అనేది. నా పదో తరగతి అవగానే తనకి నాతవరం దగ్గర ఊరికి పెళ్ళి చేసి పంపేశారు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా సంచి దించకుండానే, "ఏటైనా సదవాలేట్రా?" అని అడిగేది. కంప్యూటర్ కొన్నాక ఒకసారి వచ్చి అలాగే అడిగితే, నేను స్క్రీన్ రీడర్ పెట్టి వినిపించి, "ఇది నీలా ఎగ్గొట్టదు, ఇంక నీతో పనిలేదు" అన్నాను. నవ్వింది. తర్వాత ఎప్పుడూ అలా అడగలేదు. నవ్వింది కదా అని నేనూ పట్టించుకోలేదు.

రెండేళ్ళ క్రితం అప్పకి గొంతులో కేన్సర్ అని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. సంక్రాంతి సెలవులకి ముందు ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. గడపలో నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. లాక్కోలేదు నేను. పక్కన కూర్చుంది. ఊపిరి వినబడుతోంది, పెన్ను కాగితం మీద గీస్తున్న చప్పుడు వినబడుతోంది. ఏదో నోట్‌బుక్‌లో రాస్తుంటే మా బావ చదివి చెబుతున్నాడు.

"తిన్నావా అంటంది."

తిన్నానని చెప్పాను. మళ్ళీ పెన్ను చాలాసేపు గీసింది. బావ పేజీ తిప్పిన చప్పుడైంది.

"ఒంటికి జాగ్రత్త అంటంది," అన్నాడు చివరికి.

అంతసేపు రాసింది ఆ రెండు మాటలేనా? ఆవిడ మాట పోయింది, నాకు చూపు లేదు. మధ్యలో మూడో మనిషి లేకపోతే మేమిద్దరం ఒకరికొకరం లేనట్టే. బావ కాఫీకి లేవగానే అప్ప వైపు వంగి చెప్పాను. "ఏదైనా చెప్పాలనుంటే మెయిల్ పెట్టించు. నా మెయిల్ నేనే చదువుకుంటాను. మధ్యలో ఎవరూ ఉండరు." నా మెయిల్ చిరునామా ఒక్కో అక్షరం చెబితే రాసుకుంది. నా అరచేతిని రెండుసార్లు గట్టిగా నొక్కింది.

నాది మీటల ఫోను. వేలితో రుద్దే ఫోన్లు నాకు పడవు. అందుకని వారానికోసారి బావకి ఫోన్ చేసేవాణ్ణి. "బాగానే ఉంది. రోజురోజుకీ తేరుకుంటంది. నువ్వు కంగారు పడకు," అనేవాడు. నేను నమ్మాను. పరీక్షలు అయ్యాక వచ్చి నాలుగు రోజులుంటానని చెప్పాను. పొద్దున్నే మెయిల్ తెరిచి అప్ప దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందేమో వెతికేవాణ్ణి. కరెంటు బిల్లు వచ్చేది, లిస్టులో తగాదాలు వచ్చేవి. అప్ప నుంచి ఏమీ లేదు. మొదట దిగులేసింది. తర్వాత కోపం వచ్చింది. అంత చెప్పి వచ్చానే, ఒక్క ముక్క రాయించలేకపోయిందా? నా కోపం మీకు తెలిసిందేగా. ఆ నెలలో రెండు వారాలు బావకి కూడా ఫోన్ చేయలేదు.

ఇంటర్ పరీక్షలు సగంలో ఉండగా బావే ఫోన్ చేశాడు. ఏడుపులో మాట సరిగా రాలేదు. నేను వెళ్ళేసరికి అప్పని బయట అరుగు మీద పడుకోబెట్టారు.

పదకొండో రోజున చుట్టాలు వెళ్ళిపోయాక, బావ నా చేతిలో మూడు కాగితాలు పెట్టాడు. నాలుగు మడతలు పడి మెత్తబడిపోయాయి.

"బియ్యం డబ్బాలో దాసుకుంది. నాకు ఇంగ్లీసు రాదు గదా. మా ఊరి గుమాస్తా సదివి సెప్పేడు, నీ పేరే ఉందంట. సదవలేను, సదవలేను అని ఒకటే మాట మూడుసార్లు రాసేవంట. ఏటిరా అది? ఏటి సదవలేవు?"

విన్న క్షణంలోనే అర్థమైంది. అరుగు మీద కూలబడ్డాను. బావ నీళ్ళు తెచ్చి ఇచ్చి, అప్ప గుర్తుకొచ్చి ఏడుస్తున్నాననుకుని వీపు రాశాడు. అప్ప నోట్‌బుక్ ఏదని అడిగాను. ఎప్పుడూ చేతిలోనే ఉండేది కదా అని చితి మీద పెట్టేశామన్నాడు.

నర్సీపట్నం తిరిగొచ్చి "బొమ్మలు" తెరిచాను. నూరు పైచిలుకు మెయిళ్ళలో నుంచి ఒక్కొక్కటే వింటూ దిగాను. ఒకే చిరునామా నుంచి మూడు ఉన్నాయి. పంపినవాళ్ళ పేరు దగ్గర నాతవరం నెట్ సెంటర్ అని ఉంది. మొదటిదాంట్లో ఆరు ఫొటోలు, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో ఒకటి. స్క్రీన్ రీడర్ గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్ అంటూ పోయింది. ఫొటోల్లో అక్షరాలు వెతికి పట్టుకునే ప్రోగ్రాం ఒకటి ఉంది, అదీ ఓపెన్ సోర్సే. అచ్చక్షరాలైతే బాగానే చదువుతుంది. అప్ప చేతిరాత మీద పెడితే దకారాలూ డకారాలూ కలిపి ఏదో గొణిగింది. నాలుగు రోజులు సెట్టింగులు మార్చి మార్చి చూశాను. ఆరు పేజీల్లో నాకు దొరికింది "గోడ" అనే ఒక్క మాట. అది నిజంగా ఆవిడ రాసిందో కాదో కూడా తెలియదు. ముప్ఫై ఏళ్ళు నాకు చదివిపెట్టిన మనిషి రాత, నాకు చదివిపెట్టే యంత్రానికి అందలేదు.

కింద ఇంటి ఓనరుగారమ్మ చదువుతానంది. నాకు ఇష్టం లేకపోయింది. మధ్యలో ఎవరూ ఉండరని మాటిచ్చాను కదా. ఇంక ఎవరైనా చదవాలంటే, ఆ కాగితాలు ముందే చూసిన మనిషే చదవాలి అనిపించింది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని షేర్ ఆటో ఎక్కి నాతవరం వెళ్ళాను.

నెట్ సెంటర్ నడిపేది ముప్ఫై ఏళ్ళలోపు ఆడమనిషి. ఎవరినో చెప్పగానే కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

"మాట రాని అమ్మగారు కదండీ? మూడుసార్లు ఒక్కర్తే ఆటోలో వచ్చేరండీ. కాయితాలు బల్ల మీద పెట్టి, ఫొటో తీసి పంపు, నువ్వు సదవకు అని సైగ సేసేరు. నేను ఫొటో తీసేను గానీ సదవలేదండి. ఒట్టు."

"జవాబు వచ్చినప్పుడు ఏం చెప్పావమ్మా?"

"దాన్ని అచ్చు తీసి ఇచ్చి, ఉన్నదే సెప్పేనండి. మీరు సదవలేకపోతన్నారు, సరిగ్గా పంపమంటన్నారు అని. టైపు సేసి పెడతానమ్మా అన్నాను. టైపు సెయ్యాలంటే నేను సదవాల గదా, వద్దన్నారు. తన రాత బాలేదనుకున్నారండి. రాత సూపించి, ఇలా ఇలా అని సెయ్యి తిప్పేరు. కొత్త గీతల కాయితాలు కొనుక్కుని ఎల్లేరు."

లాప్‌టాప్ తెరిచి ఆమె వైపు తిప్పాను.

"అమ్మగారు సదవొద్దన్నారు గదండీ," అంది మెల్లిగా.

"ఇప్పుడు చదువమ్మా. నేను అడుగుతున్నాను."

షాపు తలుపు దగ్గరగా వేసి వచ్చి చదివింది.

"తమ్ముడూ, నువ్వే చదువుకుంటావని ధైర్యంగా రాస్తున్నాను. మీ బావకి తెలియనివ్వకు. నేను తేరుకుంటున్నానని ఆయన నీకూ చెబుతున్నాడు, నాకూ చెబుతున్నాడు. డాక్టరు ఆయన్ని బయటికి పిలిచి ఉగాది దాటడం కష్టమని చెబుతుంటే నేను తలుపు వెనక నుంచి విన్నాను. నాకు పోయింది గొంతే గానీ చెవులు కాదు కదా. నాకు తెలీదనుకుని ఆయన నవ్వు తెచ్చుకుంటున్నాడు. ఆయన కోసం నేనూ నవ్వుతున్నాను. పొద్దస్తమానం ఇదే పని. నాకు అలుపొస్తోంది. నువ్వొచ్చి కొన్నాళ్ళు ఉండు. నీ దగ్గర నవ్వక్కర్లేదు. నా మొహం నీకు కనబడదు కదా, ఏడవాలనిపిస్తే నీ పక్కన కూచుని ఏడుస్తాను."

తక్కిన పేజీల్లో చిన్నప్పటి సంగతులు, తన చీరలు ఎవరికివ్వాలో, బావకి చెప్పకుండా నేను ఎలా సెలవు పెట్టి రావాలో. ఆమె చదువుతూ రెండుసార్లు ఆగింది. ముక్కు చీదుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అప్పలా ఏదీ ఎగ్గొట్టలేదు.

రెండో ఉత్తరం చిన్నది. "నా రాత నీ మిషనుకి తెలియలేదంట. ఈసారి ఒక్కో అక్షరం విడిగా, నిదానంగా రాస్తున్నాను. చేతిలో బలం లేదు, అందుకే పొట్టిగా రాశాను. పరీక్షలయ్యాక వస్తానన్నావంట. అప్పటిదాకా ఆగకు. నీకు కోపం వచ్చిందేమో అని భయంగా ఉంది. కోపం ఉన్నా రా."

బావకి ఈ సంగతి నేను ఇప్పటికీ చెప్పలేదు. నవ్వు తెచ్చుకుని తను ఆవిడ్ని నమ్మించాననే అనుకుంటున్నాడు. అనుకోనీ. ఆ కాగితాల గురించి మళ్ళీ అడిగితే, ఏదో కంప్యూటర్ పొరపాటు అని దాటేశాను.

"మూడోది?" అని ఆ రోజు నెట్ సెంటర్లో ఆమెని అడిగాను.

ఆమె ఫొటో తెరిచింది. "ఇదొక్కటే పేజీ అండి. రెండే మాటలున్నాయి. పేజీ అంతా నిండేలాగ పెద్ద పెద్ద అక్షరాలు. ఒకదాని మీదే నాలుగైదు సార్లు దిద్దేరు, మిషనుకి కనబడాలని కాబోలండి."

"ఏం రాసింది?"

"బేగి రా, అని."

లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని మెయిల్ పైకి వెళ్ళాను. స్క్రీన్ రీడర్ తేదీ చదివింది, తర్వాత టైము చదివింది. ఉదయం పదకొండు దాటిన వేళ. నాతవరం గంట ప్రయాణం. ఆ రోజు ఆదివారం. నేను ఇంట్లోనే ఉన్నాను.