నూటికి పన్నెండు ఇచ్చే షేరు

అదే మీరైతే ఏం చేసేవారు చెప్పండి, నూటికి పన్నెండు డివిడెండు వస్తుందంటే? ఎగిరి గంతేసేవారు. రామతులసి వెయ్యలేదు. ఆటోనగర్‌లో పాత లారీ గేరుబాక్సులు కొని, బాగుచేయించి అమ్మే మనిషి ఆమె. ఏడో తరగతితో చదువు ఆపేసింది గానీ, గేరుబాక్సు దగ్గర ఆమెను మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు.

కొత్తలో ఒక్కసారి మాత్రం మోసపోయింది. బాక్సు తిప్పి చూస్తే చప్పుడే లేదని సంబరపడి కొనేసింది. అమ్మినవాడు చిక్కటి ఆయిలు పోసి అరిగిన గేరు పళ్ల మోత కప్పెట్టాడని, దాన్ని బిగించుకున్న లారీ గన్నవరం దగ్గర ఆగిపోయాక గానీ తెలియలేదు. అప్పట్నించీ ఏ బాక్సు వచ్చినా ముందు ఆయిలు దింపించి, వేళ్లతో నలిపి చూస్తుంది. ఇనప రజను తగిలితే బేరమే లేదు.

మొన్న పటమట నుంచి ఆమె చెల్లెలు సుస్మిత వచ్చింది. భర్త పోయాక చల్లపల్లి చేలో వాటా అమ్మితే నాలుగు లక్షలు మిగిలాయి. ఇంటద్దె నెలకు నాలుగు వేలు. ఆ అద్దె వచ్చే దారి కావాలి. వెంట వచ్చిన పిన్ని కొడుకు దుర్గాప్రసాద్ ఒక షేరు చూపించాడు. వెల వంద రూపాయలు, ఏడాదికి పన్నెండు రూపాయల డివిడెండు.

"సరిగ్గా సరిపోయిందక్కా," అంది సుస్మిత. "నెలకి నాలుగు వేలు."

రామతులసి ప్రసాద్ వైపు తిరిగింది. "ఒరేయ్, కంపెనీ షేరుకి ఎంత సంపాదించింది?"

అతను ఫోను చూసి, "ఏడు," అన్నాడు.

"ఏడొస్తే పన్నెండెట్టా పంచింది? మిగతా అయిదూ ఎవడబ్బ సొమ్ము?"

"స్థలం ఒకటి అమ్మారక్కా."

"వచ్చే ఏడు ఏం అమ్ముతారంట? నిరుడు ఈ షేరెంత?"

"రెండొందల పది." అతని గొంతు తగ్గింది.

"అదీ సంగతి. రేటు సగానికి కూలబట్టి నూటికి పన్నెండులా కనపడతంది. చిక్కటాయిలు పోశార్రా దీనికి."

"బాక్సులు అమ్ముకునేదానివి, షేర్ల సంగతి నీకేం తెలుసక్కా?"

"తెలీకే అడుగుతున్నా. తెలిసినోడివి, నువ్వెందుకు అడగలా? పది సంపాదిస్తే నాలుగే పంచేది, పదేళ్లుగా ఆపకుండా ఇచ్చేది, అప్పు తక్కువున్నది వెతుకు."

అరగంట వెతికితే ఒకటి దొరికింది. నూటికి మూడే ఇస్తుంది. సుస్మిత మొహం చిన్నబోయింది.

"మూడా? నా అద్దె ఎట్టా గడుస్తదక్కా?"

"గడవదు. అందుకే మూడు లక్షలు పోస్టాఫీసులో నెలనెలా వడ్డీ వచ్చేదాంట్లో వెయ్యి. లక్షే ఇందులో పెట్టు, అది నిదానంగా పెరగనీ. తక్కువ పడ్డదానికి నా కొట్లో బిల్లులు రాయి. జీతమిస్తాలే."

"తిడితే మాత్రం రాను," అంది సుస్మిత.

"తిట్టకుండా ఎట్టా ఉంటానే?"

మర్నాడు పొద్దున్నే సుస్మిత వచ్చి కొట్లో కూర్చుంది. ఆమె పేరున పోస్టాఫీసు ఫారం తెస్తానని మధ్యాహ్నం మూడింటికి రామతులసి బయల్దేరింది. మెట్లు దిగేసరికి పాత గేరుబాక్సుతో ఏలూరు లారీ ఒకటి ఎదురొచ్చి ఆగింది. డ్రైవరుతో బేరం తెగేసరికి పోస్టాఫీసు మూసేశారు. ఆ ఫారం ఇంకా తేలేదు.