బిస్కెట్ కంపెనీకి నేను ఓనర్ అయిన మూడు రోజులు

ఇబ్రహీంపట్నం చౌరస్తాలో, బస్సులు ఆగే చోట, పన్నెండడుగుల ఎత్తున నా పరువు మూడు రోజులు వేలాడింది. ఎలా వేలాడిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది.

అప్పట్లో నేను ఊరి బయట ఒక పెద్ద బిస్కెట్ కంపెనీలో ప్యాకింగ్ బెల్టు దగ్గర పని చేసేదాన్ని. తొమ్మిదేళ్లుగా నిలబడి విరిగిన బిస్కెట్లు ఏరీ ఏరీ, కలలో కూడా అవే ఏరేదాన్ని. ఒకరోజు హెడ్డాఫీసు నుంచి ప్రసాద్ గారనే ఆఫీసరు దిగారు. కోస్తా వైపు మనిషి, మాట మెత్తన. మమ్మల్నందరినీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు.

“ఈ రోజు నుంచి మీరు ఉద్యోగులు కాదండీ, ఓనర్లు! కంపెనీలో ఉంటూనే సొంత వ్యాపారంలా ఆలోచించండి. మంచి ఐడియా ఇచ్చినవాళ్లకే ఆ పని మొత్తం అప్పగిస్తాం!”

నా పక్కనున్న యాదమ్మక్క చెయ్యెత్తింది. “ఓనర్లమైతే బాత్రూంకు పోయినప్పుడల్లా టైం ఎందుకు రాస్తున్రు సారూ?”

“అది సిస్టమ్ అమ్మా.”

యాదమ్మక్క అక్కడితో ఆగిపోయింది. తెలివైన మనిషి. నేను ఆగలేదు. ఎందుకంటే మాది కిరాయి ఇల్లు. మా గల్లీలో ఓనర్ అంటే మోటర్ స్విచ్ చేతిలో ఉన్న మనిషి. ఆయన వేస్తే మాకు నీళ్లు, వేయకపోతే ఆయన మూడ్ బాగాలేదని అర్థం. అంతటి హోదా క్యాంటీన్‌లో ఉప్మా పెట్టి మరీ ఇస్తున్నారంటే ఎవరు వద్దంటారు చెప్పండి?

వారం తిరక్కుండా ఐడియా ఇచ్చాను. విరిగిన బిస్కెట్లన్నీ పశువుల దాణాకు పోతున్నాయి. వాటిని చిన్న ప్యాకెట్లలో రెండు సార్లు సీలు వేసి, ‘చాయ్ ముక్కలు’ అని చాయ్ హోటళ్లకు ఇద్దామన్నాను. ఎలాగూ అందరూ విరిచే కదా ముంచేది!

ప్రసాద్ గారు ఎగిరి గంతేసినంత పని చేశారు. “అద్భుతం స్వరూప గారూ! దీనికి మీరే ఓనర్. సోమవారం ఎండీ గారు వస్తున్నారు. ఆయన ఊ అంటే చాయ్ ముక్కల సెక్షన్, పదిమంది ఆడవాళ్లు, అంతా మీ చేతిలోనే.”

అంటే ఇక బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు. నాకు అది చాలు. కానీ నా నోటికి చాలలేదు. ఇంటికి రాగానే మా తమ్ముడు రమేష్‌కు ఫోన్ చేశాను. వాడిది ఫ్లెక్సీల షాపు. తప్పంతా ఇక్కడే జరిగింది.

“తమ్మీ, నేను ఓనర్ అయిన్రా.”

“గంత పెద్ద కంపెనీకా? నిజంగనే?”

“అవ్‌రా. హెడ్డాఫీసు సారే చెప్పిండు.”

“మరి గిది పట్నమంతా తెల్వొద్దా అక్కా? మంచి ఫొటో ఒకటి పంపు.”

పంపాను. నా వేళ్లతో నేనే పంపాను, చెల్లి పెళ్లిలో పట్టుచీర కట్టుకున్నది. శుక్రవారం సాయంత్రానికి చౌరస్తాలో నేను వెలిశాను. నా తల మీద బిస్కెట్లు పూలవానలా కురుస్తున్నాయి. కళ్లకు నల్లద్దాలు వాడే తగిలించాడు. కింద ఇంతేసి అక్షరాలు: ‘బిస్కెట్ కంపెనీ నూతన ఓనర్ మా అక్క స్వరూప గారికి హార్దిక శుభాకాంక్షలు.’ శని, ఆదివారాలు మా ఇంటి ఓనర్ కూడా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఒట్టు, మోటర్ కూడా రెండు సార్లు వేశాడు.

సోమవారం ఎండీ గారి కారు ఆ చౌరస్తా మీదుగానే వచ్చింది. పెద్దాయన నేరుగా బెల్టు దగ్గరికి వచ్చి నన్ను ఎగాదిగా చూశారు.

“కంపెనీ నేనెప్పుడు అమ్మానమ్మా?”

“మీరు అమ్మలే సార్. ప్రసాద్ సారు ఉత్తగనే ఇచ్చిండు.”

ప్రసాద్ గారు మా ఇద్దరి మధ్యకి దూరారు. “అయ్యో, అది మైండ్‌సెట్ అమ్మా! ఓనర్‌లా ఫీల్ అవ్వమన్నాను గానీ, అయిపొమ్మన్నానా?”

“గా ముక్క గా రోజే చెప్పొద్దా సార్? మైకు పట్టుకొని ఓనర్లు, ఓనర్లు అన్నది మీరు గాదా? మా తమ్ముడు సొంత పైసలు పెట్టి ఫ్లెక్సీ కొట్టిండు!”

యాదమ్మక్క నోట్లో కొంగు కుక్కుకుంది. ఎండీ గారు మాత్రం నవ్వలేదు. చాయ్ ముక్కలు రెండు తిన్నారు. బాగున్నాయన్నారు. బాగున్నందుకు సెక్షన్‌ను మేనేజర్ రఘు గారికి అప్పగించారు. నాకు సర్టిఫికెట్ ఇచ్చి, ఫ్లెక్సీ తీయించమన్నారు. నా ఐడియా, నా ముక్కలు, నా పదిమంది! అన్నీ ఆయనకి పోయి, నాకు మళ్లీ అదే బెల్టు. సర్టిఫికెట్‌లో పేరు కూడా ‘సరూప’ అని కొట్టారు.

రఘు గారు ఒక్క సీలు చాలన్నారు. రెండు కావాలని ఎంత మొత్తుకున్నా వినలేదు. వానలు పడగానే ముక్కలన్నీ మెత్తబడి, చాయ్ హోటళ్ల నుంచి డబ్బాలకు డబ్బాలు తిరిగొచ్చాయి. మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. యాదమ్మక్క వేలు పెట్టి చదివింది:

“సమస్య: మెత్తబడ్డ సరుకు. సమస్యకు ఓనర్: స్వరూప.”

నా వైపు తిరిగింది. “చెల్లే, ఈసారి నిజంగనే అయినవ్. రమేష్‌కు ఫోన్ చెయ్యాల్నా?”

అందుకే, నా పట్టుచీర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెవరైనా ‘ఈ కంపెనీ మీదే అనుకోండి’ అంటే, సరే అని తలూపి, ముందు నా పేరు మీదున్న కాగితాలు చూపించమంటాను. చూపించేదాకా ఉప్మా కూడా ముట్టను.