మునక కాలనీ మోటారు

2003 ఏప్రిల్‌లో నన్ను ఓర్వకల్లు వైపు పంచాయతీ విస్తరణాధికారిగా వేశారు. మండలాభివృద్ధి అధికారికి కింద, పంచాయతీ కార్యదర్శికి పైన ఉండే హోదా అది. తిట్లు రెండు వైపుల నుంచీ అందుతాయి. ఆ ఎండలకు అక్కడి రాతిగుట్టలు మధ్యాహ్నం నీడ వెతుక్కుంటూ పక్కకు జరిగేవి. నమ్మకపోతే మీ ఇష్టం, నేను చూశాను.

నాకు మొదట అప్పగించిన పని ఒక గ్రామసభ. ఓటర్లు కూర్చుని చేతులెత్తి తీర్మానం చేయనిదే పంచాయతీ ఆస్తిని కదపకూడదు. ఇక్కడ ఆస్తి అంటే ఒక బోరు మోటారు. ఊరికి ఎడంగా ఉన్న మునక కాలనీకి తాగునీటి ఆధారం అదొక్కటే. దాన్ని ఊడదీసి, ప్రజాప్రయోజనం పేరుతో తన బేనిషాన్ మామిడి తోట పక్క బోరుకు బిగించాలని సర్పంచి కోరిక.

కాలనీవాళ్లు శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగి వచ్చినవాళ్లు. ఏ ఆఫీసూ వీళ్లు తమవాళ్లని ఒప్పుకోకపోయేసరికి తమ సభ తామే పెట్టుకున్నారు. దానికి ఒక మగ పెద్ద, ఒక ఆడ పెద్ద. ఏ నిర్ణయానికైనా ఇద్దరూ సరేననాలి. అప్పటి పెద్దలు మద్దిలేటి, ఓబులమ్మ.

గ్రామసభ కాలనీలోనే జరిగింది. సర్పంచి ట్రాక్టర్ల నిండా ఊరి ఓటర్లను తెచ్చి దించాడు. వెనక ఇంకో ట్రాక్టరులో బిర్యానీ డేగిశాలు. చేతులెత్తాకే మూత తీస్తారట. ఆయన మొదట మాట్లాడి కూర్చున్నాడు. ఓబులమ్మ లేచింది.

"సార్, మా తావ ఒక పద్ధతి ఉండాది. వచ్చినోళ్లందరూ ఒక్కోతూరి మాట్లాడాల. అందరిదీ అయినంక గానీ ఎవురూ రెండోతూరి మాట్లాడకూడదు. ఆపైన చేతులు."

సర్పంచి నవ్వాడు. "మాట్లాడుకోండమ్మా. చేతులు శానా తెచ్చినాలే."

మద్దిలేటి నా చేతిలోని మైకు తీసుకెళ్లి, ట్రాక్టరులో వచ్చిన ఒక గొర్రెల కాపరికి ఇచ్చాడు. ఆ ముసలాయన బిత్తరపోయాడు.

"నేనేం చేసినానప్పా?"

"ఏం చెయ్యలేదు మామా. నీకేమనిపిస్తాందో చెప్పు."

ముసలాయన మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. "తోట చుట్టూ కంచె ఉండాది. మోటరు ఆడికి పోతే నా గొర్రెలు యాడ తాగల్ల?"

తర్వాత రూతమ్మ. ఆమె ఆ తోటలోనే కూలి. "మా వీధి కొళాయి ఎండిపోతే ఈ కాలనీకే బిందె ఎత్తుకొస్తాండాం. ఇది పీకితే మేము యాడికి పోవాల?"

సర్పంచి కూర్చున్నచోటి నుంచే అరిచాడు. "ఏమ్మే, నిన్ను తెచ్చింది నేను గదా!"

"తెచ్చినావు లేప్పా. నోరు ఇంటికాడ పెట్టి రమ్మన్లేదు గదా."

అక్కడి నుంచి మైకు నా చేతికి తిరిగి రాలేదు. పుట్టినప్పటి నుంచి ఎవరూ ఏమీ అడగని మనుషులకు అదొక పండగైపోయింది. ఒకాయన నీళ్ల సంగతి ముగించి అల్లుడి సంగతి ఎత్తుకున్నాడు. బిర్యానీ చల్లారింది. వండినవాడు కూడా ఓటరే. గరిటె పక్కన పెట్టి వరసలో నిలబడ్డాడు.

సర్పంచి నా చెవిలో అన్నాడు: "సార్, ఈ పద్ధతి చట్టంలో ఉండాదా?" నేను నిబంధనల పుస్తకం తెరిచాను. ఉందనీ లేదు, కూడదనీ లేదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అయినా పదవికి మర్యాదగా ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పాను. చివరి పేజీ వచ్చేసరికి అందరి వంతూ అయిపోయి చేతులు లేచాయి. ట్రాక్టరులో వచ్చిన చేతులు కూడా మోటారు ఉన్నచోటే ఉండాలన్నాయి. తీర్మానం రాయించి, చల్లబడిన బిర్యానీ అందరితో కలిసి తిన్నాను. సర్పంచికి ఆకలి లేదట.

ఆ సభ నాకు నేర్పింది ఇది: జనాన్ని ట్రాక్టర్లలో తేవచ్చు, చేతులు ఎత్తించవచ్చు, మధ్యలో మైకు మాత్రం వాళ్లకు అందనివ్వకూడదు. మిగిలిన సర్వీసులో ఈ సలహా ఏ సర్పంచికీ ఇవ్వలేదు.